అంటుకునే బియ్యం

రాజ్‌విహార్ దాటినాక, సైకిల్ స్పేర్ల అంగడి మీద
ఇరవై రెండు మెట్లు.
సుంకులమ్మ మోకాళ్లతో లెక్కబెట్టింది, నేను ఊపిరితో.
పైన వాకిలికి కట్టిన గుడ్డ మీద
మా ఇద్దరికీ రాని లిపి.
"నీకు మాత్రం వచ్చునా?" అంటే
మస్తాన్‌వలి నవ్వినాడు.
"కువైట్‌లో మా ఉస్తాద్ రాసిచ్చినాడు మామా.
'రండి' అని ఉందంట. నమ్మినా."

నలభై రెండేండ్లుగా బియ్యం అమ్ముతున్నా.
కర్నూలు సోనా చారెడు తీసి అరచేతిలో పోసి
ప్రతి గిరాకీకీ ఒకటే మాట:
అంటుకోదు. మెతుకు మెతుకూ విడిపోతాది.
అట్లాంటి నా అంగడికొచ్చి ఈ పిల్లోడు
"అంటుకునే బియ్యం తెప్పించియ్యి మామా" అన్నప్పుడు
నా చెవులే చెడినాయేమో అనుకున్నా.
బెంగళూరు నుంచి రెండు మూటలు దిగినాయి,
పొట్టి గింజ, పసిపిల్లోళ్ల పాలపండ్ల మాదిరి.
దీంతో ఏం చేస్తాడో చూద్దామనే వచ్చినాం.

ముందు నల్లకాయితం చుట్టలు వచ్చినాయి,
నా బిల్లు బుక్కులో కార్బన్ పేపరే అనుకో.
వాసన మాత్రం నేనెన్నడూ చూడని సముద్రానిది.
పక్కన పచ్చగా, గోరింటాకు బొట్టంత ముద్ద.
పచ్చడే గదా అని వేలితో తీసి నాకినా.
మిరపకాయ బజ్జీ తిని నీళ్లు తాగని మనిషిని.
నాలుక మీద ఏమీ లేదు,
ముక్కులోంచి పోయి మాడు తట్టింది.
నేను కండ్లు తుడుచుకునేలోపు
సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతాంది.

పచ్చిచేప ఆమె ముట్టలే.
"తుంగభద్ర చేపనే మూడు నీళ్లు కడిగి
చింతపండేసి ఉడికిస్తానే" అంది.
దాని కింది అన్నం ముద్దను మాత్రం
వేళ్లతో ఎత్తి, తిప్పి, లైటుకు పెట్టి చూసింది.
"అబ్బీ, ఇది ఇట్లా ఎట్లా అంటుకుంది?"
"పులుపు నీళ్లు జల్లి, విసనకర్రతో విసురుతా కలపాలత్తా.
మూడేండ్లు పట్టింది నాకు."
"మూడేండ్లా" అంది.
"నేను పదిహేడేండ్లప్పుడు ఒక్క పూటలో చేసినా.
విసనకర్ర గూడా లేదు."

వాడు నవ్వినాడు. నాకు నవ్వు రాలే.
పెండ్లయిన నాలుగో పొద్దు.
ఇత్తడి గిన్నె, తడి కట్టెలు, ముద్దయిన అన్నం.
బియ్యమమ్మే ఇంట్లో ఇదేం కూడు అని కంచం నెట్టినా.
అది రెండు బేతంచెర్ల బండల అవతలికి పోయి ఆగింది.
ఆ పూట ఆమె ఏం తినిందో
ఇంతవరకూ అడగలే.

ఇక్కడ ముద్ద అరవై రూపాయలంట.
ఒకటి తిన్నా. ఇంకోటి తిన్నా.
బాగుంది అననీకి నోరు రాలే,
బాగలేదు అననీకీ.

తర్వాత రామెన్.
గిన్నె అంటాడు గానీ చిన్న గంగాళం.
ఆవిరి మొహాన కొట్టగానే
పాతబస్తీ సందులో, రంజాన్ తెల్లారుజామున
పాయా దబర మూత తీసినట్టే ఉంది.
"అదే గదా మామా, ఎముకలు రాత్రంతా ఉడకాల.
మా నానీ చేసేది సగం రామెనే అని చెప్తే
ఉస్తాద్ ఒప్పుకోలే. మా నానీ గూడా ఒప్పుకోలే."
సేమ్యాలు పుల్లలకు చిక్కకుండా జారుతున్నాయి.
"జుర్రుమని లాగాలత్తా. ఆ దేశంలో
సప్పుడు చేస్తేనే మర్యాద."
మా ఇంట్లో ఇన్నేండ్లు సప్పుడు కాకుండా తిన్న మనిషి
గిన్నె రెండు చేతులా ఎత్తి
జుర్రింది.
పక్క బల్ల మెడికల్ కాలేజీ పిల్లోళ్లు తిరిగి చూసినారు.
వాళ్ల కోసమే అన్నట్టు ఇంకోసారి.

మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది.
ఏమీ అనలే.
పుల్లలు రెండూ కొంగున ముడేసుకుంది,
బజ్జీలు తిరగేయనీకి పనికొస్తాయంట.

తెల్లారి అంగట్లో, కొత్తగా కాపురమొచ్చిన పిల్ల
గింజ నలిపి చూసి అడిగింది,
"అంటుకోదు గదా పెద్దాయనా?"
నలభై రెండేండ్ల మాట నాలుక చివరిదాకా వచ్చి
యాడికో పోయింది.
"అంటుకున్నా ఏం కాదులేమ్మా" అన్నా.
నన్నొకసారి ఎగాదిగా చూసి
ఎదురంగట్లో కొనుక్కుంది,
ఐదు కిలోలు.